నోటిలో గుడ్లు, రెక్కపై మచ్చలు: ఒక ప్రసిద్ధ వివరణపై విమర్శ

జంతువుల ప్రవర్తనను గురించి వ్రాసిన గ్రంథములలో ఒక చిన్న చేప కథ తరచుగా కనిపించును. ఆ చేప పేరు ఆస్టటోటిలాపియా బర్టోని. ఆఫ్రికా ఖండములోని టాంగన్యీకా సరస్సు అంచులలోను, దానిలో కలియు ఏరులలోను అది నివసించును. పాత పుస్తకములలో దీనికి హాప్లోక్రోమిస్ బర్టోని అను పేరు ఉండును, రెండును ఒకటే. జానెడు పొడవైనను లేని ఈ చేప సిక్లిడ్ అను కుటుంబమునకు చెందినది. మన చెరువులలో విస్తారముగా పెరిగిపోయిన తిలాపియా, కేరళీయులు ఇష్టముగా తిను కరిమీను, గాజు తొట్లలో అలంకారమునకు పెంచు ఏంజెల్ చేప ఆ కుటుంబములోనివే.

బర్టోని మగచేప ఇసుకలో గుంట త్రవ్వి, దానిని తన స్థలముగా కాపాడుకొనును. గుడ్లతో నిండిన ఆడచేప సమీపించినపుడు ఒడలు వణికించుచు పాయు వాజమును, అనగా పొట్ట క్రింద మలద్వారము వెనుక ఉండు రెక్కను, విప్పి చూపును. ఆ రెక్కపై పసుపు, నారింజ రంగుల గుండ్రని మచ్చలు కొన్ని వరుసగా ఉండును. ఒక్కొక్క మచ్చ చుట్టును రంగులేని సన్నని వలయము కలదు. ఆడచేప గుంటలో కొన్ని గుడ్లు పెట్టి, వెంటనే వెనుదిరిగి వాటిని నోటిలోనికి తీసికొనును. తరచుగా మగచేప వాటిపై వీర్యము విడుచుటకు వ్యవధి కూడ ఇవ్వదు. పిమ్మట మగచేప రెక్క విప్పి ఎదుట నిలువగా, ఆడచేప ఆ మచ్చల వద్దకు మూతి చేర్చి అందుకొనబోవును. అదే సమయమున మగచేప వీర్యము విడుచును. అది ఆడచేప నోటిలోనికి పోయి, అక్కడనున్న గుడ్లను ఫలదీకరించును. కొద్దికొద్దిగా గుడ్లు పెట్టుట, ఎత్తుకొనుట, రెక్కను ముట్టుట – ఈ క్రమము పలుమార్లు సాగును. తరువాత సుమారు రెండు వారములు ఆ గుడ్లు, వాటినుండి వచ్చిన పిల్లలు తల్లి నోటిలోనే పెరుగును.

జర్మనీ దేశములోని సీవీసెన్‌లో పనిచేసిన ఉల్ఫ్‌గాంగ్ విక్లర్ అను శాస్త్రజ్ఞుడు 1962లో 'నేచర్' పత్రికలో ఈ మచ్చలకు ఒక వివరణ ఇచ్చినారు. మచ్చలు గుడ్లను పోలియున్నవి. ఆడచేప వాటిని తాను ఎత్తుకొనక విడిచిన గుడ్లని భ్రమించును. వాటిని ఏరుకొనబోయి వీర్యమును నోటిలోనికి తీసికొనును. ఇది మగచేప ఆడచేపకు చూపు నకిలీ గుడ్డు. ఆ వ్యాసము రెండు పుటలకు మించలేదు. 1968లో వెలువడిన ఆయన గ్రంథము, మొక్కలలోను జంతువులలోను అనుకరణను గురించినది, ఈ కథను ప్రపంచమంతటికి చేర్చినది. నాటినుండి అది పాఠ్యగ్రంథములలో స్థిరపడిపోయినది.

ఆ వివరణలోని గొప్పతనమును మొదట ఒప్పుకొనవలెను. మచ్చ అందముగా ఉన్నదని చెప్పి ఊరకుండక, అది గుండ్రముగానే ఎందుకున్నది, చుట్టును వలయమెందుకు, వీపు రెక్కపై గాక వీర్యము వెలువడు చోటికి అంత దగ్గరగా ఎందుకున్నది అని విక్లర్ ప్రశ్నించినారు. వేరు వేరుగా కనిపించు మూడు నాలుగు సంగతులను ఒక్క సూత్రముతో ముడివేసినారు. అంతకు కొంత కాలము ముందే టిన్‌బెర్గెన్ మున్నగువారు, స్టికిల్‌బ్యాక్ అను చేప మగవాని ఎర్రని పొట్టవంటి ఒక చిన్న గుర్తు ఎదుటి జంతువులో నిర్ణీతమైన ప్రవర్తనను రేపగలదని చూపియుండిరి. ఆ దారిలో విక్లర్ వివరణ సహజముగా ఇమిడిపోయినది. తరగతిలో చెప్పినచో పిల్లల ముఖములు వికసించును. వినగానే నమ్మబుద్ధియగు కథ ఇది. అందువలననే దానిని కొంత గట్టిగా తట్టి చూడవలసియున్నది.

మొదటి ఆక్షేపణ చాల సులభమైనది. మచ్చ గుడ్డువలె ఉన్నదని చెప్పుచున్నది ఎవరు? మనుష్యుడు. గాజు తొట్టి బయట, మంచి వెలుతురులో, తీరికగా చూచు మనుష్యుని కంటికి ఉన్న పోలిక, క్షణములో మూతి చాచు ఆడచేప కంటికి కూడ ఉన్నదని వేరుగా నిరూపింపవలెను. పైగా హాప్లోక్రోమిన్ వర్గమున ఇంచుమించు 1500 జాతులు కలవు. వాటి మచ్చల సంఖ్య, పరిమాణము, రంగు జాతి జాతికి మారుచుండును. కొన్ని జాతులలో ఒక పెద్ద మచ్చ, మరికొన్నింటిలో అనేకమైన చిన్న మచ్చలు. అన్నియు ఆయా జాతుల గుడ్లకు సరిపోలుననుట కష్టము.

రెండవది ఇంకను లోతైనది. ఈ మచ్చలు లేకున్న గుడ్లు ఫలదీకరణము చెందవనుకొన్నచో, మచ్చలు పుట్టకముందు ఈ వంశము ఎట్లు నిలిచినది? టాంగన్యీకా సరస్సులోనే ట్రోఫియస్ అను సిక్లిడ్లు కలవు. వాటి మగచేపల రెక్కపై వలయముతో కూడిన నిజమైన అండ బిందువులు లేవు. అయినను ఆడచేప మగచేప పొట్ట క్రిందికి మూతి చేర్చును, గుడ్లు నోటిలో ఫలదీకరణము చెందును. ఈజిప్టు మొదలు తూర్పు ఆఫ్రికా వరకు వ్యాపించిన సూడోక్రెనిలాబ్రస్ మల్టికలర్ అను చిన్న చేప మగదానికి పాయు వాజము కొసన ఎర్రని చాయ మాత్రమే ఉండును. దాని సంతతికి లోటేమియు లేదు. కనుక మూతి చేర్చు అలవాటు మచ్చకంటె ముందే ఉన్నదనుకొనుట న్యాయము. మచ్చ ఆ అలవాటును పుట్టించలేదు. ఉన్న అలవాటుపై వచ్చి చేరినది.

ఇట్టి సందేహములను వాదముతో తీర్చలేము. మచ్చలను తీసివేసి చూడవలెను. ఆ పని ఎవా హెర్ట్ చేసి 1989లో ప్రకటించినారు. బర్టోనికి దగ్గరి బంధువైన హాప్లోక్రోమిస్ ఎలిగాన్స్ మగచేపలలో అతిశీతల స్పర్శతో రెక్కపై మచ్చలను చెరిపివేసినారు. మచ్చలు లేని మగచేపలతో పెట్టిన గుడ్లు కూడ ఫలదీకరణము చెందినవి. అయితే ఎంచుకొను అవకాశమిచ్చినపుడు ఆడచేపలు మచ్చలున్న మగచేపలవైపే మొగ్గినవి. అనగా ఆ జాతిలో మచ్చ, గుడ్లు పెట్టిన తరువాత మోసగించు సాధనముగా గాక, ముందుగానే ఆకర్షించు అలంకారముగా పనిచేసినది. విక్లర్ చెప్పిన చోట గాక, మరొక చోట దాని ఉపయోగము బయటపడినది.

కథ అక్కడనైనను ఆగలేదు. 2012లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయమునుండి ఒకటి, స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయమునుండి మరొకటి, బర్టోనిపైననే జరిపిన రెండు పరిశోధనలు వెలువడినవి. విక్లర్ చూచిన చేప ఇదే యగుటచేత వీటికి విలువ ఎక్కువ. ఎక్కువ మచ్చలున్న మగచేపను ఆడచేప కోరి ఎంచుకొనునను మాట వీటిలో నిలువలేదు. బాసెల్ వారి పరీక్షలలో మచ్చల ప్రభావము మగచేపల నడుమ కనిపించినది: రెక్కపై మచ్చలున్న ప్రత్యర్థిని చూచి ఎదుటి మగచేప జంకినది. ఎలిగాన్స్‌లో ఒక జవాబు, బర్టోనిలో మరొక జవాబు. దగ్గరి బంధువులలోనే ఇంత భేదమున్నపుడు, ఒక జాతినుండి వచ్చిన సమాధానమును 1500 జాతులకు పంచిపెట్టుట తొందరపాటు.

మరి మచ్చ ఎట్లు పుట్టినది? 2011లో బాసెల్ శాస్త్రజ్ఞులే మల్టికలర్ ఆడచేపలకు రంగు చుక్కలు చూపి పరీక్షించినారు. తమ మగచేపలకు అండ బిందువులు లేకున్నను, ఆ ఆడచేపలు పసుపు, నారింజ, ఎరుపు చాయల చుక్కలపై మొగ్గు చూపినవి. ఆ రంగులపై ఇష్టము ముందే ఉన్నది, మగచేపల రెక్క దానిని తరువాత వాడుకొన్నది అని వారి తాత్పర్యము. 2014లో అదే బృందము, రంగు కణములలో పనిచేయు ఎఫ్.హెచ్.ఎల్.2బి అను జన్యువు ప్రక్కన ఒక సంచార డి.ఎన్.ఎ. ముక్క వచ్చి చేరుట ఈ మచ్చల పుట్టుకతో సంబంధించియున్నదని చూపినది. విక్లర్ రెండు పుటలలో అడిగిన ప్రశ్న అర్ధ శతాబ్దముపాటు పరిశోధకులకు పని కల్పించినది. ప్రశ్న అడిగినవారిగా ఆయన స్థానము చెక్కుచెదరదు. తప్పు, ఆయన ఊహను నిరూపితమైన సంగతిగా ముద్రించుచు వచ్చిన పాఠ్యగ్రంథములది.

పాఠ్యగ్రంథములకంటె ఎక్కువ నష్టము చేసినవి చేపలు పెంచువారి చేతి పుస్తకములు. అవి విక్లర్ కథను ఇంకను కుదించి, 'మచ్చలున్నది మగ, లేనిది ఆడ' అను సూత్రముగా మార్చినవి. దీనిని నమ్మి తొట్టిలో రెండు మగ, ఆరు ఆడ అని లెక్కపెట్టి చేపలు కొన్నవారు, నెల తిరుగకముందే ఒకదానినొకటి చీల్చుకొను చేపలను చూచి విస్తుపోవుదురు. మలావీ సరస్సు రాళ్ళ నడుమ నివసించు అనేక జాతులలో ఆడచేపలకు కూడ మచ్చలుండును. కొంచెము చిన్నవిగా, వెలిసినట్లుగా ఉండును, అంతే. దుకాణములలో విరివిగా దొరకు పసుపుపచ్చని లాబిడోక్రోమిస్‌లో ఆడ మగ రెండును పసుపే. మచ్చలను చూచి అక్కడ తీర్పు చెప్పుట బొమ్మా బొరుసా వేయుటవంటిది.

బర్టోనిలో చిక్కు మరొక రీతిగా వచ్చును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో రస్సెల్ ఫెర్నాల్డ్ చిరకాలము ఈ చేపపై పనిచేసినారు. స్థలము సంపాదించిన మగచేప మాత్రమే నీలము లేక పసుపు రంగుతో, కంటిమీదుగా దిగు నల్లని గీతతో మెరయును. ఓడిన మగచేపలు రంగులుడిగి ఆడచేపలవలె బూడిదచాయతో మందలో కలిసి తిరుగును. పెత్తనము చేయు మగచేపను తొట్టినుండి తీసివేసినచో, ఓడినవానిలో ఒకడు కొన్ని నిమిషములలోనే రంగు ఎక్కి ఠీవిగా నిలుచును. నిన్నటి 'ఆడచేప' నేడు మగదై పోయినదని పెంచువారు ఆశ్చర్యపడుదురు. మారినది లింగము కాదు, హోదా. చేతి పుస్తకములు గెలిచిన మగచేప గుర్తులను మగచేపలన్నిటి గుర్తులుగా వ్రాసినవి. ఓడినవారి సంగతి మరచిపోయినవి. చరిత్ర పుస్తకములలో కూడ ఇట్లే జరుగుచుండును.

రంగు ఇంకొక విధముగా కూడ మోసగించును. మలావీ సిక్లిడ్లు కొన్నింటిలో నారింజ రంగుపై నల్ల మరకలు గల చేపలు ఇంచుమించు ఎల్లప్పుడు ఆడచేపలే. ఆ రంగు జన్యువునకు ప్రక్కనే ఆడతనమును నిర్ణయించు జన్యుస్థానమున్నదని 2009లో రాబర్ట్స్, సెర్, కోకర్ అను ముగ్గురు చూపినారు. అదే చేపలలో కొన్నిటికి మగతనమును నిర్ణయించు వై క్రోమోసోము పద్ధతి, మరికొన్నిటికి ఆడతనమును నిర్ణయించు డబ్ల్యు క్రోమోసోము పద్ధతి కూడ కలవు. తెలుగులో 'లింగ నిర్ణయము' అను మాటకు రెండర్థములు వచ్చుట ఇక్కడ గమనింపదగినది. చేప ఆడయో మగయో మనము గుర్తించుట ఒకటి. పిండములో అది ఆడగానో మగగానో నిర్ణయింపబడుట మరొకటి. పరీక్ష పత్రములలో ఈ రెండును కలగాపులగమై విద్యార్థులను బాధించుచున్నవి. మొదటిదానిని గుర్తింపు అని, రెండవదానిని మాత్రమే నిర్ణయము అని పిలిచినచో చాలవరకు గందరగోళము తీరును.

గుర్తింపునకు నమ్మదగిన చోటు ఏది? మచ్చలు కావు, రంగు కాదు. పొట్ట క్రిందనున్న రంధ్రములు. తడి చేతితో చేపను వెల్లకిల పట్టి కొన్ని క్షణములు చూచిన చాలును. ముందు మలద్వారము, దాని వెనుక జననమార్గము కనిపించును. మలావీ సిక్లిడ్ మగచేపలో రెండును ఇంచుమించు సమానముగా ఉండును. ఆడచేపలో గుడ్లు వచ్చు వెనుకటి రంధ్రము పెద్దది. తిలాపియాలో మగదానికి చిన్న బుడిపె కొసన మూత్రమునకు, వీర్యమునకు కలిపి ఒకే రంధ్రముండును. ఆడదానికి మూత్రరంధ్రము వేరు, గుడ్లు వచ్చు అడ్డగీతవంటి చీలిక వేరు. ఆ చోట ఒక చుక్క రంగు నీరు అద్దినచో చీలిక స్పష్టపడును. బాగా చిన్న పిల్లలలో ఈ పరీక్ష పనికిరాదు. అలవాటు లేనివారు కొంతకాలము తప్పులు చేయుదురు, కాని ఆ తప్పులు అభ్యాసముతో తగ్గును. మచ్చల సూత్రములోని తప్పు ఎంత అభ్యసించినను తగ్గదు.

ఈ గుర్తింపు పిల్లల సరదా మాత్రమే కాదు. కొన్నిచోట్ల జిలేబి చేప అని పిలుచు మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశమునకు తెచ్చినారు. అది కూడ నోటిలో గుడ్లు పొదుగు చేపయే. కొన్ని నెలలకే పిల్లలు పెట్టనారంభించి, చెరువు నిండ పిల్లలై, మేత చాలక ఏదియు ఎదుగక, వ్రేలెడు చేపలతో చెరువు నిండిపోయిన అనుభవము అనేకులకు కలిగినది. అందుచేత మగచేపలను మాత్రమే పెంచు పద్ధతి వచ్చినది. చేతితో ఏరి వేరుచేయుటలో కొన్ని ఆడచేపలు పొరపాటున మిగిలినను చెరువు మరల పిల్లలతో నిండును. అందువలన నేడు హార్మోను కలిపిన మేతతో మగచేపలనే తయారుచేయు పద్ధతి వ్యాపించినది. నైలు తిలాపియాలో, క్రోమోసోములు నిర్ణయించిన దానిని కూడ, గ్రుడ్డునుండి వెలువడిన తొలి వారములలో నీటి వేడిమి 36 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమునకు పెరిగినచో కొంత మార్చవచ్చును. మగచేపల పాలు పెరుగును.

చేతి పుస్తకముల రెండవ సూత్రము 'నోరు నిండినది తల్లి'. బర్టోని విషయములో ఇది నిజమే. గవద బిళ్ళలు వచ్చినట్లు దవడ క్రింద ఉబ్బియుండుట, మేత వేసినను ముట్టకుండుట, గుడ్లను త్రిప్పుటకు నోటిని నములుచున్నట్లు కదుపుట చూచి తల్లిని పోల్చవచ్చును. కాని పశ్చిమ ఆఫ్రికాలోని సారోథెరోడాన్ మెలనోథెరాన్ అను తిలాపియాలో నోరు నిండినవాడు తండ్రి. దాని సోదర జాతియైన గెలీలియస్‌లో తల్లి, తండ్రి ఇద్దరును పంచుకొందురు. సిక్లిడ్లను విడిచినను, బంగాళాఖాతములోని సముద్రపు జెల్లలలో గోళీలంత గుడ్లను నోటిలో మోయునది మగచేపయే. జెల్లలను వలనుండి దులుపు జాలరులకు గుడ్లు నిండిన మగవాని నోరు కొత్త దృశ్యము కాదు. పుస్తకములే దానిని ఆలస్యముగా గ్రహించినవి.

నోటిలోనివి తన పిల్లలే అనుట కూడ ఎల్లవేళల చెల్లదు. టాంగన్యీకా సరస్సులో సైనోడాంటిస్ మల్టిపంక్టేటస్ అను మచ్చల జెల్ల ఒకటి కలదు. సిక్లిడ్లు గుడ్లు పెట్టు వేళకు వచ్చి, నడుమ జొరబడి తన గుడ్లను కూడ విడుచును. కాకి గూటిలో కోకిల చేయు పనియే ఇది. ఆడ సిక్లిడ్ అన్నింటిని నోటిలోనికి ఎత్తుకొనును. జెల్ల పిల్లలు ముందుగా బయటపడి, ఆ నోటిలోనే సిక్లిడ్ పిల్లలను తినివేయును. దీనిని 1986లో జపాను శాస్త్రజ్ఞుడు సాతో వెల్లడించినారు.

ఇక తల్లి ఉపవాసముండి బిడ్డలను కాపాడునను వర్ణన. కొన్ని పాఠములలో ఇది కన్నీరు తెప్పించు రీతిగా ఉండును. ట్రోఫియస్ తల్లి పూర్తిగా ఉపవాసముండదు. నోటిలోనికి మేత తీసికొని పిల్లలకును పెట్టును. బర్టోని తల్లి నిజముగానే మేత ముట్టదు. కాని 2022లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, తల్లులు నోటిలోని పిల్లలలో కొందరిని తామే మ్రింగుట తెలిసినది. పొదుగు కాలములో దేహమునకు కలుగు రాపిడిని తట్టుకొనుటకు అది తోడ్పడుచున్నదని పరిశోధకుల అభిప్రాయము. దీనిని క్రౌర్యమని పిలుచుట, అంతకు ముందు త్యాగమని పిలిచినంత పొరపాటే. నోటిలో మిగిలిన పిల్లలు తల్లి బ్రతికిననే బ్రతుకుదురు.

పాఠశాలలో చేపల తొట్టి ఉన్న ఉపాధ్యాయులకు ఈ విషయములన్నియు పుస్తకము లేకుండ పరీక్షించు వీలున్నది. చేపలను తెచ్చిన రోజుననే మచ్చలను బట్టి ఒక జాబితా, రంధ్రములను బట్టి మరొక జాబితా వ్రాయించవలెను. ఒక్కొక్క చేపను పోల్చుకొనుటకు రెక్కలోని చీలికలు, దెబ్బలు, గీతల తేడాలు చాలును. కొన్ని నెలలకు ఏది నోటిలో గుడ్లు పెట్టుకొన్నదో, ఏది గుంట త్రవ్వినదో చూచి రెండు జాబితాలలోని తప్పులు లెక్కింపవచ్చును. నోరు నిండిన చేపను మాత్రము వలతో పట్టరాదు. బెదిరినచో పిల్లలను ఉమిసివేయును. గుడ్లు పెట్టు వేళ దొరికినచో చేతి ఫోనుతో చిత్రము తీసి, వేగము తగ్గించి త్రిప్పి చూడవలెను. ఆడచేప మూతి మచ్చపై పడినదా, మచ్చకు ముందున్న వీర్యద్వారముపై పడినదా అని ఒక్కొక్క సారి గుర్తించుచు పోయినచో, విక్లర్ 1962లో లెక్కవేయక విడిచిన పట్టిక తయారగును.